చెయ్యి తీసిన తరువాత

శుక్రవారం పొద్దు గూకే ముందు యూదుల ఇంట్లో ఒక కుండలోకి గొడ్డు మాంసం, ఉల్లిపాయలు, బార్లీ, చిక్కుడు గింజలు చేరతాయి. మూత పడుతుంది. మర్నాడు మధ్యాహ్నం మూత తీసేసరికి గరిటె తగిలితే చాలు, మాంసం పీచు పీచుగా విడిపోతుంది. ఉల్లి ఆనవాలు లేకుండా పులుసులో కలిసిపోయి ఉంటుంది. ఈ రెండు వేళల మధ్య ఆ ఇంట్లో ఎవరూ వంట చేయలేదు, చేయకూడదు కూడా. వాళ్ళ విశ్రాంతి దినమైన సబ్బాతు నాడు నిషేధించిన ముప్పై తొమ్మిది పనుల్లో వంట ఒకటి. మరి ఆ కూర వండిందెవరు? నిన్న కుండ ఎక్కించిన మనిషే అంటే, నిద్రలోనూ ప్రార్థనలోనూ ఆ మనిషి వంట చేస్తూనే ఉన్నట్టు. నిప్పు వండిందంటే, మనిషి చేసిన పనికీ దాని ఫలితానికీ మధ్య ఉన్న ముడి తెగిపోయినట్టు. ఈ ప్రశ్నను యూదుల ధర్మశాస్త్ర పండితులైన రబ్బీలు దాదాపు రెండు వేల ఏళ్ళుగా విచారిస్తూ వచ్చారు. విశ్రాంతి అంటే లోకంలో ఏమీ జరగకపోవడం కాదు, జరుగుతున్నదాని మీద నుంచి మనిషి తన చెయ్యి తీసేయడం అని వాళ్ళు తేల్చారు. ఆ తీర్పు సరైనదని నా వాదన. దానికి సాక్ష్యం ఆ మెత్తటి మాంసంలోనే ఉంది.

ముందు ఆ మాంసం సంగతి చూడాలి. గొడ్డు వెనక భాగంలో తుంటి నరాన్నీ నిషిద్ధమైన కొవ్వునూ ఏరి తీయడం పెద్ద పని కనుక చాలా దేశాల్లో యూదులు ఆ భాగాన్ని వాడరు. వాళ్ళ వంటింటికి వచ్చేది మెడ, భుజం, రొమ్ము. జీవితమంతా బరువు మోసిన కండలవి. వాటిని పట్టి ఉంచే తెల్లటి పొరల్లో కొల్లాజెన్ దండిగా ఉంటుంది. పెద్ద మంట మీద త్వరగా వండితే అది బిగుసుకుని మాంసం తోలులా సాగుతుంది. మరుగు స్థాయికి కాస్త దిగువన గంటల తరబడి ఉంచితే మాత్రం అదే కొల్లాజెన్ నెమ్మదిగా జెలటిన్‌గా మారుతుంది, పీచుల మధ్య కట్టు వదులవుతుంది. ఉల్లిపాయలో నూటికి ఎనభై తొమ్మిది వంతులు నీరే. ఆ నీరు బయటికి వచ్చి మాంసాన్ని తడిగా ఉంచుతుంది, ఘాటు విరిగి తీపి తేలుతుంది. ఇందులో వంటమనిషి నేర్పుతో త్వరపెట్టగలిగింది ఏదీ లేదు. మంట పెంచితే చెడుతుంది, మాటిమాటికీ మూత తీస్తే ఆవిరి పోయి ఇంకా ఆలస్యమవుతుంది. మన పల్లెల్లో దాలిగుంటలో పాలకుండ పెట్టి పిడకల సెగకు వదిలేసిన వాళ్ళకు ఈ ఓపిక కొత్త కాదు. పాలు ఎర్రబడి మీగడ కట్టేది ఎవరూ కదిలించనప్పుడే.

ఇవాళ ప్రపంచమంతా వాడుతున్న స్లో కుక్కర్‌కూ ఈ కుండే మూలం. తూర్పు యూరప్ యూదులు సబ్బాతు కూరను చోలెంట్ అంటారు. లిథువేనియాలో దాన్ని రొట్టెల బట్టీలో పెట్టి, చల్లారుతున్న ఇటుకల వేడికి రాత్రంతా వదిలేసేవారని షికాగోలో స్థిరపడ్డ ఇర్వింగ్ నాక్సన్ అనే ఇంజనీరుకు తల్లి చెప్పింది. ఆ బట్టీ చేసే పనిని చిన్న విద్యుత్ పాత్ర చేయగలదా అని ఆయన ఆలోచించాడు. 1936లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు, 1940లో అది దక్కింది. 1970లో రైవల్ అనే కంపెనీ ఆయన సంస్థను కొని, మరుసటి ఏడాది క్రాక్-పాట్ పేరుతో ఆ పాత్రను అమ్మకానికి తెచ్చింది. ఉద్యోగానికి వెళ్ళే ఆడవాళ్ళకు పొద్దున్నే మీట నొక్కి వెళ్ళిపోయే సౌకర్యంగా అది ప్రచారం పొందింది. ఆ ప్రచారంలో పాత్ర మిగిలింది, దాని వెనకున్న ప్రశ్న మరుగున పడింది. ఎక్కువ పని చేసుకునేందుకు చెయ్యి తీసేయడం వేరు, పని మానేందుకు చెయ్యి తీసేయడం వేరు.

ఇప్పుడు ఆ ప్రశ్న పుట్టిన చోటికి వెళ్దాం. ఎడారిలో మన్నా కురిసిన కథలో, కాల్చుకోవలసింది, ఉడికించుకోవలసింది ముందురోజే చూసుకోమని మోషే ప్రజలకు చెప్పినట్టు నిర్గమకాండము పదహారో అధ్యాయంలో ఉంది. ముప్పై అయిదో అధ్యాయం సబ్బాతు నాడు ఇళ్ళలో నిప్పును నిషేధిస్తుంది. ఈ రెంటి మధ్య, ముందురోజు మొదలై ఆ రోజులోకి సాగే పనుల సంగతి తేలలేదు. క్రీస్తుశకం 200 ప్రాంతంలో కూర్చిన రబ్బీల ధర్మసంకలనం మిష్నాలో సబ్బాతు భాగం మొదటి అధ్యాయంలోనే దీని మీద రెండు గురుపరంపరల వాదం కనిపిస్తుంది. సిరా నానబెట్టడం, ఉన్నిని రంగు తొట్టిలో వేయడం, జంతువులకూ చేపలకూ వల పన్నడం, ఇవన్నీ పొద్దుండగానే పూర్తయ్యేట్టయితేనే మొదలుపెట్టాలని షమ్మాయి శిష్యులు అన్నారు. పొద్దుండగా మొదలుపెడితే చాలు, మిగిలింది దానంతట అది సాగనివ్వమని హిల్లేలు శిష్యులు అన్నారు. మనుషులే కాదు, పనిముట్లు కూడా విశ్రమించాలన్నది షమ్మాయి పక్షం ఆలోచన అని మిష్నా మీద తర్వాత వచ్చిన చర్చల సంపుటి తల్మూదు వివరిస్తుంది. తీర్పు హిల్లేలు వైపు వెళ్ళింది. వలలో చేప పడ్డ క్షణం మనిషి చేసిన క్షణం కాదు, వల వేసిన క్షణమే అతనిది. బాధ్యతను ఫలితం వేళ నుంచి సంకల్పం వేళకు జరిపిన ఈ తీర్పు మీదే శనివారపు వేడి కూర మొత్తం నిలబడి ఉంది.

అయితే హిల్లేలు పక్షం అన్నిటికీ తలుపులు బార్లా తెరిచిందనుకుంటే పొరపాటు. అదే అధ్యాయం చివరలో ఒక నియమం ఉంది: మాంసాన్ని, ఉల్లిపాయను, గుడ్డును పొద్దుండగా కాలేంత వ్యవధి లేకపోతే నిప్పుల మీద కాల్చడానికి పెట్టకూడదు. మన కుండలో ఉన్నవి కూడా మాంసమూ ఉల్లిపాయే! కుండలో ఒప్పయింది నిప్పుల మీద తప్పెలా అయింది? నిప్పు అదే, మాంసం అదే, రాత్రి కూడా అదే. మారింది మనిషి మనసు. నిప్పుల మీద కాలుతున్న ముక్క ముందు చెయ్యి ఊరుకోదు. ఇంకొంచెం ఎగదోస్తే అయిపోతుంది కదా అనిపిస్తుంది. నియమం కాపలా కాస్తున్నది నిప్పును కాదు, ఆ ఎగదోసే చేతిని. మూడో అధ్యాయంలో పొయ్యి గురించి చెప్పిన మాటలూ ఇటే చూపుతాయి. గడ్డీగాదం మండించిన పొయ్యి మీద వండిన కుండను ఉంచవచ్చు, ఎందుకంటే ఆ నిప్పు నిలవదు, ఎగదోయడానికి ఏమీ మిగలదు. కట్టెలతో మండించిన పొయ్యి అయితే నిప్పులు తీసేయాలి, లేదా వాటి మీద బూడిద చల్లాలి. నివురుగప్పిన నిప్పు అనే మాటను మనం దాగి ఉన్న ప్రమాదానికి వాడతాం. అక్కడ ఆ నివురు ఒక ఒడంబడిక. దీన్ని ఇక ముట్టుకోనని మనిషి తన చేత్తోనే రాసుకున్న మాట.

తల్మూదులో ఒక చర్చ ఇంతకంటే లోతుకు వెళ్తుంది. సగం ఉడికిన కూరను అలాగే వదలకూడదట, పూర్తిగా పచ్చి మాంసంతో నిండిన కుండను చీకటి పడేముందు పొయ్యి మీద పెట్టవచ్చట. పైపైన చూస్తే ఇది తలకిందుల తర్కం. పచ్చిది ఉడకడానికే కదా ఎక్కువ వంట కావాలి! కారణం వింటే ఆశ్చర్యం పోతుంది. సగం ఉడికినది ఈ రాత్రికే తినవచ్చునన్న ఆశ పెడుతుంది, ఆశ ఉన్నచోట చెయ్యి కదులుతుంది. పచ్చి మాంసం ఎలాగూ రాత్రికి అందదు గనక మనిషి దాని మీద నుంచి మనసు మళ్ళించుకుంటాడు, రేపటికి వదిలేస్తాడు. సగం ఉడికిన కుండలో ఒక పచ్చి ఎముక ముక్క వేసినా చాలు, అది పచ్చి కుండ కింద లెక్కేనని కూడా అక్కడ ఉంది. మాంసపు గట్టితనాన్నే మనసుకు కంచెగా వాడుకున్న ఈ ఆలోచన నన్ను ఎంతగానో ఆకట్టుకుంటుంది. మెడకండ మెత్తబడడానికి పట్టే గంటలే మనిషిని ఆ గంటల నుంచి విడుదల చేస్తున్నాయి. త్వరపడి లాభం లేని చోట నిజంగా చెయ్యి తీయగలం. వంటశాస్త్రం ఈ మాంసానికి ఏ పద్ధతి తగినదంటుందో, విశ్రాంతికీ అదే పద్ధతిని ధర్మం ఎంచుకుంది. ఈ రెండూ ఊరికే కలిశాయని నేననుకోను.

దీనికి గట్టి అభ్యంతరం బయటివాళ్ళ నుంచి కాదు, యూదుల్లోంచే వచ్చింది. ఎనిమిదో శతాబ్దపు అనాన్ బెన్ దావీదును తమ మూలపురుషుల్లో ఒకడిగా చెప్పుకునే కరాయీలు రబ్బీల మౌఖిక సంప్రదాయాన్ని ఒప్పుకోరు. లేఖనం నిప్పును వద్దంది, అంటే వెలిగించడమే కాదు, వెలుగుతూ ఉండనివ్వడమూ తప్పేనని వాళ్ళలో చాలామంది చదువుకున్నారు. ఆ రాత్రి చీకట్లో కూర్చున్నారు, చల్లటి తిండి తిన్నారు. మూలంలోని హెబ్రీ క్రియకు ఆ అర్థమూ పొసగుతుంది గనక దీన్ని మొండితనమని తోసేయలేం. పన్నెండో శతాబ్దంలో జెరహయా హలేవి అనే పండితుడు శనివారం వేడి కూర తినని మనిషిని మతభ్రష్టుడేమోనని అనుమానించాలన్నాడంటే ఆ వివాదం ఎంత వేడిగా సాగిందో తెలుస్తుంది. స్పెయిన్‌లో చరిత్ర ఆ మాటను తిరగేసింది. 1478లో ఏర్పడిన ఇన్‌క్విజిషన్ అనే క్రైస్తవ మత న్యాయస్థానం విచారణల్లో, క్రైస్తవం పుచ్చుకున్న కుటుంబాలు లోలోపల యూదులేనని నిరూపించడానికి శుక్రవారం ఎక్కించి శనివారం దించే అదఫీనా కుండ సాక్ష్యమైంది. పూడ్చిపెట్టడం అనే అర్థమున్న అరబ్బీ మాట నుంచి వచ్చిన పేరది. ఒకచోట తినకపోతే అనుమానం, ఇంకోచోట తింటే ప్రమాదం. కరాయీలకు నేనిచ్చే జవాబు ఇది: నిప్పే లేని ఇంట్లో చెయ్యి ఊరుకుందంటే అందులో ఊరుకోవడం ఏముంది? బూడిద కింద నిప్పు సజీవంగా ఉండి, కుండ అడుగున మాంసం ఉడుకుతున్న చప్పుడు వినిపిస్తూ, మూత తీసి చూడాలనిపించినా తీయని చేతిదే విశ్రాంతి. సబ్బాతు నాడు ఉడుకుతున్న కుండలో గరిటె తిప్పడం కూడా వంటే అవుతుందన్న నియమానికి నిప్పున్న ఇంట్లోనే అర్థముంటుంది.

ఇదంతా చట్టంలో సందు వెతుక్కోవడం కాదా అనేది రెండో అభ్యంతరం. అన్నీ ముందే అమర్చి పెట్టుకుంటే సరిపోతుందంటే, రేపు ఒక కర్మాగారాన్నే శుక్రవారం సాయంత్రం మీట నొక్కి వదిలేయవచ్చు. ఈ భయం న్యాయమైనదే. పాత పండితులకూ అది తట్టింది. చీకటి పడేముందు నీటి తిరగలిలో గోధుమలు పోసి వదలవచ్చా అన్న చర్చలో రబ్బా అనే గురువు కూడదన్నాడు. ఆయన చెప్పిన కారణం తిరగలి చేసే చప్పుడు. వీధికి వినపడేలా తిరుగుతున్న తిరగలి ఈ ఇంట్లో ఇవాళా పని నడుస్తోందని చాటుతుంది. కుండ అలా చాటదు. ఈ తేడా నాకు చిన్నదిగా తోచదు. తిరగలి సంపాదనను సాగదీస్తుంది, దాని పిండి ఆదివారం అంగడికి పోతుంది. కుండలో ఉడికేది ఆ మధ్యాహ్నం ఆ ఇంటివాళ్ళు, వచ్చిన అతిథులు తినేది. ఈ తేడాను ప్రతి యంత్రం విషయంలోనూ గీత గీసినట్టు చూపగలమని నేననను. టైమర్లు, తమంతట తాము నడిచే పరికరాలు ఆ గీతను ఇప్పటికే చెరిపేస్తున్నాయి. స్లో కుక్కర్ మీద కూడా ఏకాభిప్రాయం లేదు. లోపలి పాత్ర చుట్టూ వేడి గోడలు కమ్మి ఉంటాయి గనక, వేడిని పెంచే వాటిలో కుండను కప్పి ఉంచకూడదన్న నియమానికి అది విరుద్ధమని కొందరు రబ్బీలు అంటారు. వాళ్ళ మాట పాటించేవారు లోపలి పాత్ర కింద రేకు ఉండలు పెట్టి దాన్ని కాస్త పైకి లేపుతారు. మిష్నా ఆ నియమంలో పేర్కొన్నవాటిలో పేడ కూడా ఉంది కనుక మన దాలిగుంట ఆ పరీక్షలో నెగ్గదు. సందులు వెతికే మనసుకు ఇంత జాగ్రత్తతో పనిలేదు.

గీత చదివిన తెలుగు పాఠకుడికి ఇక్కడ నిష్కామ కర్మ గుర్తుకు రావడం సహజం. రెండూ ఒకటేనని చెప్పేయడం సులువు, కానీ అది నిజం కాదు. గీత పనిని ఉంచి ఫలం మీది ఆశను వదలమంటుంది. సబ్బాతు కుండ ఆ ఒక్క రోజుకు పనిని వదిలి, ఫలాన్ని మాత్రం సంతోషంగా తినమంటుంది. ఇంతకంటే దగ్గరి చుట్టరికం మీమాంసకులతో దొరుకుతుంది. యాగం ముగిసిపోయాక ఎప్పుడో వచ్చే ఫలానికి ఆ యాగమే కారణమని ఎలా చెప్పగలమన్న ప్రశ్నకు వాళ్ళు అపూర్వం అనే కనిపించని శక్తిని మధ్యలో నిలిపారు. రబ్బీలకు అలాంటి అదృశ్య శక్తి అవసరం రాలేదు, వాళ్ళ మధ్యవర్తి బూడిద కింది వేడి. కానీ చేసిన పనికీ అనుభవించే ఫలానికీ మధ్య కర్త లేని ఒక కాలం ఉంటుందనీ, దాన్ని ఒప్పుకోకుండా ధర్మాన్ని వివరించలేమనీ రెండు పక్షాలూ గుర్తించాయి.

మూడో అభ్యంతరం ఇంకా ఇబ్బందికరమైనది. నా చెయ్యి ఖాళీగా ఉండడానికి ఇంకెవరి చెయ్యి పనిచేస్తోంది? విద్యుత్ పాత్ర నడవాలంటే ఎక్కడో ఒక కేంద్రంలో సిబ్బంది మెలకువగా ఉండాలి. విశ్రాంతి దాసుడికీ దాసికీ పరదేశికీ కూడా అని పది ఆజ్ఞల్లోనే ఉంది. ఇజ్రాయెల్‌లో ఆ సిబ్బందిలో యూదులూ ఉంటారు గనక, సబ్బాతు నాడు తయారైన కరెంటు వాడకూడదని హజోన్ ఈష్‌గా ప్రసిద్ధుడైన రబ్బీ అవ్రహామ్ యెషాయా కారెలిట్జ్ పట్టుబట్టాడు. ఆయన నివసించిన బ్నే బ్రాక్‌లో ఈనాటికీ ఆ రోజుకు వేరే జనరేటర్లు నడుపుకునే ఇళ్ళున్నాయి. ఆసుపత్రులకు కరెంటు ఎలాగూ తప్పనిసరి కనుక వాడుకోవచ్చనే పండితులూ ఉన్నారు. ఈ విషయంలో నేను హజోన్ ఈష్ పక్షాన ఉంటాను. చెయ్యి తీయడమే విశ్రాంతి అయితే, నా చెయ్యి తీసి పక్కవాడి చేతిలో గరిటె పెట్టడం విశ్రాంతి కాదు. లిథువేనియా రొట్టెల బట్టీ ఈ పరీక్షలో నెగ్గుతుంది. శుక్రవారమే దాని తలుపు మట్టితో మూసేవారు, ఆ తర్వాత బట్టీవాడూ తన ఇంట్లోనే ఉండేవాడు.

ఇక మిగిలింది కుండలో ఉన్న ప్రాణి. తెలుగు నేల మీద ఆ మాంసం గురించిన అభ్యంతరం రెండు గొంతులతో వినిపిస్తుంది. ఒకటి దయ, రెండోది మైల. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో యూదు ధర్మాన్ని పాటించే బెనె ఎఫ్రాయిము అనే చిన్న తెలుగు సమాజం ఉంది. మాదిగల నుంచి వచ్చిన ఈ కుటుంబాలు 1991లో ప్రార్థనా మందిరం ఏర్పాటు చేసుకున్నాయి. ఊరు తమను దూరం పెట్టడానికి కారణంగా చూపిన పెద్దకూరను, తమ పూర్వికులు ఇశ్రాయేలీయులేనన్న నమ్మకానికి ఒక గుర్తుగా వాళ్ళు చెప్పుకోవడం యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ వాళ్ళ మీద రాసిన పుస్తకంలో నమోదైంది. మైల గొంతు తిండిని అడ్డం పెట్టి మనిషిని తూస్తుంది, దానికి జవాబు చెప్పవలసిన అవసరం నాకు కనిపించదు. దయ గొంతుకు జవాబు చెప్పక తప్పదు. సబ్బాతు ఆజ్ఞ ఎద్దుకూ గాడిదకూ విశ్రాంతినిస్తుంది. ప్రాణి వధ కూడా ముప్పై తొమ్మిది నిషిద్ధాల్లో ఉంది కనుక ఆ రోజు కత్తి లేవదు. కానీ కుండలో ఉన్న ఎద్దుకు ఆ విశ్రాంతి దక్కలేదు. మొదట మనుషులకు మొక్కల ఆహారమే ఇచ్చారని, మాంసానికి అనుమతి జలప్రళయం తర్వాత నోవహు కాలంలో వచ్చిందని ఆదికాండము చెప్పే వరుసను పట్టుకుని, మాంసాహారం మనిషి బలహీనతకు ఇచ్చిన సడలింపేనని రబ్బీ అవ్రహామ్ ఇత్సహాక్ కూక్ ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్ళలో రాశాడు. నేను ఇంతవరకు నెత్తిన పెట్టుకున్న హిల్లేలు సూత్రం ఇక్కడ మాంసం తినేవాడికి తోడు రాదు. పని ఫలించిన వేళ కాదు, మొదలుపెట్టిన వేళే బాధ్యత అంటే, శనివారం ఉడకడానికి ఎవరూ బాధ్యులు కానట్టే, అంతకుముందు లేచిన కత్తికి ఎవరో ఒకరు పూర్తిగా బాధ్యులవుతారు. ఒకే సూత్రాన్ని కుండకు వర్తింపజేసి కత్తి దగ్గర వదిలేయడం కుదరదు. మాంసం వేయకుండా చోలెంట్ వండేవాళ్ళూ ఉన్నారు. చిక్కుడు గింజలు, బార్లీ, ఉల్లిపాయలు రాత్రంతా ఉడికితే చిక్కబడి చక్కగా కలిసిపోతాయి. వాళ్ళూ శుక్రవారం సూర్యాస్తమయానికి ముందే మూత పెడతారు, మధ్యలో తీయరు.